టర్బో పోయిందన్నారా? మార్చే ముందు ఈ రీడింగులు చూపించమనండి

ఔటర్ రింగ్ రోడ్డు మీద డీజిల్ కారులో వెళుతున్నారు. ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటర్ తొక్కారు. ఇంజిన్ హోరు పెరిగింది కానీ బండి లాగడం లేదు. అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ వెలిగింది. పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, రెండు నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేశారు. లైటు అలాగే ఉంది, బండి మాత్రం మామూలుగా లాగింది. మరో ఇరవై కిలోమీటర్లు వెళ్లాక మళ్లీ అదే పరిస్థితి.

మర్నాడు షెడ్డుకు తీసుకెళితే స్కానర్ పెట్టి చూస్తారు. తెర మీద పీ0299 అని కోడ్ కనిపిస్తుంది. "టర్బో పోయింది సార్, మార్చాల్సిందే" అంటారు. మోడల్‌ను బట్టి ఆ ఖర్చు పదుల వేల రూపాయల్లో ఉంటుంది.

టర్బో నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఆ కోడ్ మాత్రం ఆ మాట చెప్పలేదు. పీ0299 అంటే "నేను అడిగినంత గాలి ఒత్తిడి రావడం లేదు" అని ఇంజిన్ కంప్యూటర్ పెట్టిన ఫిర్యాదు. అంతే. ఒత్తిడి ఎందుకు రాలేదో దానికి తెలియదు. చిరిగిన రబ్బరు పైపు కావొచ్చు, వదులైన క్లాంప్ కావొచ్చు, మసి పట్టిన సెన్సర్ కావొచ్చు, నిజంగా టర్బోనే కావొచ్చు. జ్వరం ఉందని థర్మామీటర్ చెబుతుంది. మలేరియానా, టైఫాయిడా అన్నది చెప్పదు కదా.

ఈ తేడా ఇప్పుడు చాలామందికి అవసరం. మారుతీ సుజుకీ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే డీజిల్ కార్లు ఆపేసింది. స్విఫ్ట్, డిజైర్ నుంచి ఇండికా విస్టా వరకు ఎన్నో మోడళ్లలో వాడిన ఫియట్ 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చేతులు మారుతున్నాయి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై ఉన్న ఆంక్షల వల్ల అక్కడి నుంచి ఎన్‌ఓసీ తీసుకుని బయటి రాష్ట్రాలకు వచ్చేవీ ఉన్నాయి. వీటిని కొన్నవారికి వారంటీ ఉండదు. మెకానిక్ చెప్పిన మాటే ఆధారం.

టర్బో చుట్టూ ఎవరెవరున్నారు?

ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద రెండో చివరన ఉన్న మరో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజిన్‌లోకి నెడుతుంది. అదే టర్బో. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే యంత్రం ఇది. గాలి ఎక్కువ వెళితే డీజిల్ ఎక్కువ కాల్చవచ్చు, బండి ఎక్కువ లాగుతుంది.

గాలి నడిచే దారిని వరసగా ఊహించుకోండి. ముందు ఎయిర్ ఫిల్టర్. దాని వెంటనే ఎయిర్‌ఫ్లో సెన్సర్, ఇది లోపలికి వచ్చే గాలిని సెకనుకు ఇన్ని గ్రాములని తూస్తుంది. తర్వాత టర్బో. అక్కడ వేడెక్కిన గాలిని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్. వీటి మధ్య నాలుగైదు రబ్బరు పైపులు, వాటి క్లాంపులు. చివర్లో ఇంజిన్ ముఖద్వారం దగ్గర బూస్ట్ సెన్సర్, ఇది ఒత్తిడిని కొలుస్తుంది. ఫోన్ యాప్‌లో ఎయిర్‌ఫ్లో సెన్సర్ 'మాఫ్' అనీ, బూస్ట్ సెన్సర్ 'మ్యాప్' అనీ కనిపిస్తాయి. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి, మిగతా కథంతా వీటి మధ్యే నడుస్తుంది.

టర్బో ఎంత గట్టిగా పనిచేయాలో నిర్ణయించేందుకు ఒక యాక్చుయేటర్ ఉంటుంది. చాలా కార్లలో ఇది వ్యాక్యూమ్‌తో కదిలే కడ్డీ, కొన్ని కొత్తవాటిలో ఎలక్ట్రిక్ మోటార్. ఇక పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ వాల్వ్ ఒకటి. బీఎస్-6 బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ కూడా ఉంటుంది. వీటిలో ఏది మొరాయించినా బూస్ట్ తగ్గుతుంది, కోడ్ మాత్రం అదే పీ0299 రావొచ్చు.

కంప్యూటర్ తాను కోరిన ఒత్తిడినీ, వస్తున్న ఒత్తిడినీ పోల్చుకుంటూ ఉంటుంది. రెండింటి మధ్య తేడా హద్దు దాటి కొంతసేపు కొనసాగితే ఇంజిన్‌ను కాపాడుకోవడానికి శక్తిని కోసేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పికప్ తిరిగి రావడానికి కారణం ఇదే. లోపం పోలేదు, లెక్క మళ్లీ మొదలైంది.

కోడ్ చెరపవద్దు

చాలాచోట్ల జరిగే మొదటి పొరపాటు ఇది. స్కానర్ పెట్టగానే కోడ్ చెరిపేసి, "చూద్దాం, మళ్లీ వస్తే తీసుకురండి" అంటారు. కోడ్‌తో పాటు కంప్యూటర్ ఒక ఫొటో లాంటి రికార్డు కూడా దాచుకుంటుంది. దాని పేరు ఫ్రీజ్ ఫ్రేమ్. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేగం ఎంత, బండి వేగం ఎంత, లోడ్ ఎంత, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అన్నవి అందులో ఉంటాయి. చెరిపేస్తే అదీ పోతుంది. కాబట్టి ముందు కోడ్లన్నీ, ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

కోడ్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. పీ0299తో పాటు పీ0101 ఉంటే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్క కుదరడం లేదని అర్థం. పీ0236 ఉంటే బూస్ట్ సెన్సర్ రీడింగ్ మీదే కంప్యూటర్‌కు అనుమానం. పీ0045 అయితే టర్బోను నడిపే సోలనాయిడ్ వైరింగ్ దగ్గర తేడా ఉంది, అంటే ముందు చూడాల్సింది వైరు, ప్లగ్. పీ0234 వస్తే కథ తిరగబడింది. అది బూస్ట్ తక్కువ కాదు, ఎక్కువ. టర్బో లోపలి రెక్కలు మసి పట్టి ఒకేచోట బిగుసుకుపోతే ఇలా జరుగుతుంది. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లు, అదీ సిగ్నళ్ల మధ్య తిరిగే బండ్లలో మసి ఎక్కువ పేరుకుంటుంది.

ఈ కోడ్లు చదవడానికి షెడ్డుకే వెళ్లాల్సిన పనిలేదు. బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ ఓబీడీ తప్పనిసరి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే బ్లూటూత్ అడాప్టర్లు ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతాయి, ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు. వాటికి పరిమితులున్నాయి. కంపెనీ సొంత స్కానర్ చూపించేవన్నీ అవి చూపించవు. ముఖ్యంగా కంప్యూటర్ కోరిన బూస్ట్ ఎంత అన్నది చాలా కార్లలో ఈ యాప్‌లకు దొరకదు. వస్తున్న బూస్ట్, వస్తున్న గాలి మాత్రం దాదాపు అన్నింటిలో కనిపిస్తాయి. సగం పని దానితోనే అయిపోతుంది.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే తొలి పరీక్ష

తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. ఇప్పుడు యాప్‌లో బూస్ట్ సెన్సర్ రీడింగ్ చూడండి. ఇంజిన్ తిరగడం లేదు కాబట్టి ఆ సెన్సర్ దగ్గర ఉన్నది మామూలు బయటి గాలి ఒత్తిడే. అంటే వాతావరణ ఒత్తిడి చూపించాలి. వాతావరణ ఒత్తిడికి విడిగా సెన్సర్ ఉన్న కార్లలో యాప్‌లో 'బేరో' అని మరో అంకె ఉంటుంది. రెండూ దాదాపు ఒకటిగా ఉండాలి.

ఇక్కడ ఊరిని బట్టి అంకె మారుతుందని చాలామంది పట్టించుకోరు. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్ర తీరంలో ఇది 100 కిలోపాస్కల్స్ చుట్టుపక్కల ఉంటుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ సుమారు 95 చూపిస్తుంది. అరకులో ఇంకా తక్కువ. హైదరాబాద్‌లో 95 చూసి "సెన్సర్ తక్కువ చూపిస్తోంది, మార్చాలి" అంటే ఒప్పుకోకండి. అదే 70 చూపించినా, 120 చూపించినా మాత్రం సెన్సర్‌ను అనుమానించాల్సిందే. అప్పుడు కూడా ముందు దాన్ని విప్పి చూడాలి. దాని మూతి మీద నూనె, మసి కలిసిన పొర పట్టి ఉంటే శుభ్రం చేస్తే సరిపోవచ్చు. ప్లగ్‌లో తుప్పు, వదులు కూడా చూడాలి.

ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఈ దశలో సున్నా దగ్గర ఉండాలి. గాలి కదలడం లేదు కదా.

అసలు విషయం రోడ్డు మీద బయటపడుతుంది

టర్బో లోడ్ లేకపోతే పనిచేయదు. షెడ్డులో బండిని నిలబెట్టి, న్యూట్రల్‌లో రేస్ చేసి "చూడండి, బూస్ట్ రావడం లేదు" అంటే అది పరీక్ష కాదు. బాగున్న కారులోనూ అలా పెద్దగా రాదు. ఖాళీగా ఉన్న ఎత్తు రోడ్డు మీద మూడో గేర్‌లో, ఇంజిన్ బాగా వేడెక్కాక, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడాలి. రీడింగులు చూడటానికి పక్క సీట్లో మరొకరు ఉండాలి, లేదా యాప్‌లో రికార్డింగ్ పెట్టుకుని తర్వాత చూసుకోవాలి. డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చూడొద్దు. శ్రీశైలం, తిరుమల ఘాట్ రోడ్లు ఎక్కేటప్పుడే ఈ జబ్బు మొదట బయటపడేదీ అందుకే. కానీ పరీక్ష చేయడానికి అవి సరైన చోట్లు కావు.

రికార్డు చేసిన అంకెలు చేతిలో ఉన్నాక చిన్న లెక్క వేద్దాం. 1.3 లీటర్ ఇంజిన్ అసలు కొలత 1,248 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ ప్రతి రెండు చుట్లకు ఒకసారి తన కొలతంత గాలిని పీలుస్తుంది. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర సెకనుకు 25 సార్లు, అంటే సుమారు 31 లీటర్లు. ఒత్తిడి లేని మామూలు గాలి లీటరుకు ఒక గ్రాము పైచిలుకు తూగుతుంది. సిలిండర్లు నూటికి నూరు శాతం నిండవు కాబట్టి కాస్త తగ్గిస్తే, టర్బో పనిచేయకపోతే సెకనుకు 30 గ్రాముల దరిదాపుల్లో గాలి వెళ్లాలి. టర్బో ఒత్తిడిని రెండింతలు చేసి 200 కిలోపాస్కల్స్ దగ్గరకు తెస్తే అది 60 గ్రాములకు దగ్గరవుతుంది. ఇవి కంపెనీ ఇచ్చిన అంకెలు కావు, పెన్నూ కాగితంతో వేసిన అంచనా. మీ ఇంజిన్ సైజు వేరైతే అదే నిష్పత్తిలో పెంచుకోండి.

ఇప్పుడు మీ రికార్డింగ్‌లో 3,000 దగ్గర బూస్ట్ 130 మాత్రమే ఉంది, గాలి మాత్రం 60 గ్రాములు చూపిస్తోంది అనుకుందాం. 130 ఒత్తిడి దగ్గర ఇంజిన్ తీసుకోగలిగింది నలభై గ్రాములకు మించదు. మరి మిగతా ఇరవై గ్రాములు ఎక్కడికి పోయాయి? సెన్సర్ దాటాయి, ఇంజిన్ చేరలేదు. అంటే టర్బో గాలిని నెడుతూనే ఉంది, మధ్యలో ఎక్కడో కారిపోతోంది. పైపు చిరిగింది, క్లాంప్ జారింది, లేదా ఇంటర్‌కూలర్ పగిలింది. ఈ బండికి టర్బో మారిస్తే కొత్త టర్బో కూడా అదే చిరుగులోంచి గాలి ఊదుతుంది. నల్ల పొగకు కూడా చాలాసార్లు కారణం ఇదే. వచ్చిన గాలి ఎక్కువని నమ్మి కంప్యూటర్ డీజిల్ ఎక్కువ పోస్తుంది, కాలడానికి గాలి చాలదు, మసి బయటికొస్తుంది.

దీనికి వ్యతిరేకంగా బూస్ట్ 200 బాగానే ఉంది, గాలి మాత్రం 35 గ్రాములు చూపిస్తోంది. ఆ ఒత్తిడి దగ్గర అంత తక్కువ గాలి సాధ్యం కాదు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికి పట్టి తక్కువ చూపిస్తోంది, లేదా ఆ సెన్సర్‌కూ టర్బోకూ మధ్య ఉన్న పైపు పగిలి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోంది. రెండోది ప్రమాదకరం, ఎందుకంటే ఆ పగులులోంచి ఫిల్టర్ కాని దుమ్ము నేరుగా టర్బో రెక్కలకు తగులుతుంది.

రెండూ తక్కువే ఉంటే? బూస్ట్ 110, గాలి 35. రెండు సెన్సర్లూ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయి. సాక్షులిద్దరూ ఒకే మాట చెబుతున్నప్పుడు వాళ్లను మార్చి లాభం లేదు. నిజంగానే గాలి రావడం లేదు. టర్బోను అనుమానించాల్సింది ఈ ఒక్క పరిస్థితిలోనే. ఇక్కడ కూడా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, చీలిన సన్నటి వ్యాక్యూమ్ పైపు, కదలని యాక్చుయేటర్ కడ్డీ, టర్బోకు ముందు పొగ కారిపోయే మానిఫోల్డ్ గాస్కెట్, నిండిపోయిన డీపీఎఫ్. ఈజీఆర్ వాల్వ్ తెరిచి ఉండిపోయినా బూస్ట్ తగ్గుతుంది. కాకపోతే అప్పుడు గాలి లెక్క ఒత్తిడి లెక్క కంటే ఇంకా కిందికి ఉంటుంది, ఎందుకంటే మంచి గాలి రావాల్సిన చోటును పొగ ఆక్రమించింది.

చేతితో చూడాల్సినవి

అంకెలు దారి చూపించాక చేతులు మురికి చేసుకోవాలి. పైపులను చూసి వదిలేయకూడదు, పిండి చూడాలి. చిరుగు చాలాసార్లు పైపు కింది వైపు ఉంటుంది, ఒత్తిడి పడినప్పుడే నోరు తెరుస్తుంది. పైపు లోపల పల్చటి నూనె పొర ఉండటం సహజం, దాన్ని చూపించి టర్బో పోయిందంటే నమ్మనక్కర్లేదు. బయట ఒక జాయింటు దగ్గర మాత్రమే నూనె తడి, దాని మీద దుమ్ము ముద్దగా పట్టి ఉంటే లీకు అక్కడే. స్మోక్ మెషీన్ ఉన్న షెడ్డులో పైపులోకి పొగ పంపితే లీకు ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది.

వ్యాక్యూమ్ యాక్చుయేటర్‌కు చేతిపంపు తగిలించి లాగితే కడ్డీ తడబడకుండా కదిలి, అక్కడే నిలబడాలి. మెల్లగా జారిపోతే డయాఫ్రం చిల్లు పడింది. ఆగి ఆగి కదిలితే లోపల మసి.

చివరగా టర్బో. ఇంజిన్ ఆపి, చల్లారాక, ముందు పైపు విప్పి చక్రాన్ని వేలితో తిప్పాలి. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే, నూనె పొర మీద తేలే ఇరుసు అది. ముందుకూ వెనక్కూ కదిలితే, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపిస్తే, రెక్కలు విరిగి ఉంటే అప్పుడు టర్బో మార్చక తప్పదు. బండి నీలం పొగ వదులుతూ ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతుంటే కూడా దాని మీదకే వేలు పోతుంది. టర్బో పోవడానికి తరచూ కారణం నూనె: ఆలస్యంగా మార్చినది, తప్పు గ్రేడ్‌ది, దారిలో గడ్డకట్టి టర్బోకు చేరనిది. నూనె పైపు శుభ్రం చేయకుండా కొత్త టర్బో పెడితే అదీ అదే దారి పడుతుంది. మార్చేటప్పుడు నూనె పైపు సంగతి ఏం చేశారో అడగండి.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే నేనూ ఈ దారిలో వెళ్లినవాడినే. నా సెకండ్ హ్యాండ్ డీజిల్ కారుకు ఒక షెడ్డులో ముందు బూస్ట్ సెన్సర్ మార్చారు. వారానికే లైటు మళ్లీ వెలిగింది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ మార్చారు. మళ్లీ వెలిగింది. "ఇక మిగిలింది టర్బోనే" అన్నారు. రెండు సెన్సర్ల బిల్లు కట్టాక జేబు ఖాళీ అయి, ఇంకొకరి దగ్గరికి వెళ్లాను. ఆయన ఇంటర్‌కూలర్ కింది పైపును రెండు చేతులతో వంచారు. వేలెడు చిరుగు. పాత సెన్సర్లు రెండూ బాగానే ఉన్నాయేమో. వాటిని తిరిగి ఇవ్వమని నేను అడగలేదు.

తప్పంతా మెకానిక్‌దేనా?

కాదు. గంటసేపు బండి తిప్పి, అంకెలు చూసి, లీకు వెతికినందుకు డబ్బులివ్వడానికి మనం ఇష్టపడం. పార్టు మారిస్తే ఇస్తాం. కాబట్టి షెడ్డు ఆదాయం పార్టుల మీదే ఉంటుంది. "స్కానింగ్‌కు అయిదొందలా?" అని బేరమాడే కస్టమరే తర్వాత పదుల వేలు కడతాడు. జబ్బు కనుక్కున్నందుకు విడిగా ఫీజు ఇవ్వడం నష్టం కాదు.

రెండో కారణం పరికరాలు. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి గ్యారేజీలకు దొరకనివ్వడం లేదంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది. ఆ ఉత్తర్వుపై కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. కోరిన బూస్ట్ అంకెను చూడలేని స్కానర్‌తో పనిచేసే మెకానిక్ సగం ఊహ మీద ఆధారపడతాడు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహనాలు కూడా ఒక విభాగం. అందులో కంపెనీలు తమ మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు పెట్టాలన్నది ఉద్దేశం. మీ కంపెనీ అందులో ఏం పెట్టిందో ఒకసారి చూడండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా?

ఉంటే పోలీసులకు చూపించవచ్చు. టర్బో సంగతి అది చెప్పదు.

పెట్రోల్ బంక్ దగ్గర డీజిల్ బండికి చేసే పరీక్ష న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పొగ చిక్కదనం కొలవడం. బీఎస్-4 డీజిల్ బండికి పరిమితి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు ముందువాటికి 65. ఇందులో లోడ్ ఉండదు. లోడ్ లేనప్పుడు టర్బో పెద్దగా పనిచేయదని ముందే చెప్పుకున్నాం. కాబట్టి ఔటర్ మీద నల్లటి పొగ వదిలే బండి బంక్ దగ్గర పాసైపోవచ్చు. కంప్యూటర్‌లో కోడ్ ఉందా, లైటు వెలుగుతోందా అన్నదానితో ఆ పరీక్షకు పనే లేదు. డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 బండ్ల విషయంలో ఈ యంత్రం ఇంకా మొద్దు. ఫిల్టర్ కొంత పగిలినా ఆ పొగ దీనికి కనబడకపోవచ్చు.

బ్రిటన్‌లో 2018 మే నుంచి ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో, 2008 జులై తర్వాత రోడ్డెక్కిన డీజిల్ కార్లకు ఇంజిన్ లైటు వెలుగుతూ ఉంటే ఫెయిల్ చేస్తున్నారు. నెదర్లాండ్స్, జర్మనీ 2023లో పొగ చిక్కదనం బదులు కణాల సంఖ్య లెక్కపెట్టే పరీక్షకు మారాయి. మన దగ్గర ఓబీడీ సాకెట్‌ను తప్పనిసరి చేసి పదేళ్లు దాటింది. బంక్ దగ్గరి పరీక్షలో దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ సాకెట్‌కు ఒక కేబుల్ తగిలించడం పెద్ద ఖర్చేమీ కాదు. అది జరిగితే యజమానికి కూడా తన బండి జబ్బు ముందే తెలుస్తుంది.

జరిమానాలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. కాలుష్య పరిమితి దాటిన బండిని నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మూడు నెలల వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు మూడు నెలలు పనికిరాకుండా పోతుంది. "ఈజీఆర్ మూసేస్తాం, డీపీఎఫ్ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తాం, ఇక లైటు రాదు" అనే ఆఫర్లకూ దూరంగా ఉండండి. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉండొచ్చు.

షెడ్డులో ఏం అడగాలి, తేడా వస్తే ఎక్కడికి వెళ్లాలి

బండి అప్పగించేటప్పుడు జాబ్ కార్డులో "టర్బో చెక్" అని రాయనివ్వకండి. "ఎత్తు రోడ్డు మీద మూడో గేర్‌లో లాగడం లేదు, నల్ల పొగ, కోడ్ పీ0299" అని లక్షణం రాయించండి. టర్బో మార్చాలంటే కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్, గాలి రీడింగ్ ప్రింట్ గానీ ఫొటో గానీ ఇవ్వమనండి. లీకు పరీక్ష చేశారా అని అడగండి. మీరు సరే అనే వరకు పార్టు మార్చొద్దని వాట్సాప్‌లోనైనా రాతలో ఉంచండి. తీసేసిన పాత పార్టు మీకే ఇవ్వాలని చెప్పండి. నేను చేయని పని ఇది.

బిల్లు తప్పనిసరి. బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం-2019 అనుచిత వాణిజ్య విధానంగా పేర్కొంది. పార్టు మార్చినా అదే లోపం కొనసాగుతూ షెడ్డు ముఖం చాటేస్తే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. కోడ్ల ఫొటోలు, రోడ్డు మీద రికార్డు చేసిన అంకెలు, జాబ్ కార్డు, పాత పార్టు అప్పుడు సాక్ష్యాలవుతాయి.

అదే సెన్సర్, అదే పైపు ఒకే మోడల్ బండ్లలో మళ్లీ మళ్లీ పోతుంటే అది షెడ్డు గొడవ కాదు, తయారీ లోపం కావొచ్చు. ఏడేళ్ల లోపు వాహనాలకు సంబంధించి ఇలాంటి ఫిర్యాదులను రోడ్డు రవాణా శాఖ 2021 ఏప్రిల్ నుంచి తీసుకుంటోంది. పరివాహన్ వెబ్‌సైట్‌లో వాహన రీకాల్ విభాగంలో మీ బండి వివరాలతో నమోదు చేయాలి. ఒకే మోడల్ మీద వచ్చిన ఫిర్యాదులు నిర్ణీత సంఖ్య దాటితే రీకాల్‌కు ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఉంది. అందుకే అదే మోడల్ వాడే మీ స్నేహితులకు కూడా ఇదే సమస్య ఉంటే ఎవరికి వారు విడిగా నమోదు చేయండి.